అర బస్తా కాంక్రీటు

కొత్తలంకపాలెం పురపాలక సంఘం మూడో వార్డుకి సిమెంటు రోడ్డు వేసి పుణ్యం కట్టుకుంది. పాత రోడ్డు తవ్వడం దండగని దాని మీదే కొత్తది పరిచారు. దాంతో వీధి ఇళ్ళ అరుగుల కంటే పద్నాలుగు అంగుళాలు పైకి లేచింది. ఇళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అంతకుముందు వీధిలోకి దిగే జనం ఇప్పుడు వీధిలోకి ఎక్కడం మొదలుపెట్టారు.

"అభివృద్ధి అంటే ఎక్కడమే కదా!" అన్నారు కమిషనరు పరాంకుశం గారు, రోడ్డు ప్రారంభోత్సవం నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మంగతాయారు కూడా కొట్టింది. ఆ వీధిలో ఇరవయ్యేళ్ళుగా ఇంటి అరుగు మీద పొయ్యి పెట్టుకుని ఇడ్లీలు వేస్తున్న మనిషి ఆమె. రోడ్డు పనివాళ్ళు నెల రోజులు ఆమె దగ్గరే తిన్నారు. రోడ్డు లేచాక తినడానికి వచ్చేవాళ్ళు గోడ దూకే దొంగల్లా అరుగు మీదకి దూకుతున్నారు. అయినా ఆమె ఏమీ అనుకోలేదు. భర్త గంగరాజు మోకాలికి ఆపరేషను జరిగేదాకా పద్నాలుగు అంగుళాలంటే ఎంతో ఆమెకి తెలియలేదు.

గంగరాజు లారీ డ్రైవరు. ముప్పై ఏళ్ళు క్లచ్చి తొక్కితొక్కి ఎడమ మోకాలు అరిగిపోయింది. కాకినాడలో ఆపరేషను చేసిన డాక్టరు మంగతాయారుని పక్కకి పిలిచి, "అమ్మా, ఇంటికొచ్చాక ఆయన ఏడంగుళాల కంటే ఎత్తు మెట్టు ఎక్కకూడదు. మెట్టు కదలకూడదు. ఇంకో పన్నెండు రోజుల్లో పంపించేస్తాం" అన్నాడు.

ఆమె బస్సులోనే లెక్క వేసుకుంది. పద్నాలుగులో సగం ఏడు. అంటే అరుగుకీ రోడ్డుకీ మధ్య ఒకే ఒక్క మెట్టు చాలు. ఇంటికి రాగానే ఇటుకలు పేర్చి ఎక్కి చూసింది. కదిలాయి. బల్ల వేసి చూసింది. వంగింది. తాపీ మేస్త్రీని పిలిస్తే అతను తలగోక్కుని, "ఒక్క మెట్టుకి ఎవడొత్తాడండీ? స్లాబుంటే చెప్పండి, వత్తాను" అని వెళ్ళిపోయాడు.

"రోజూ తెల్లారగట్ల పిండి కలిపేదాన్ని, ఓ రోజు సిమెంటు కలపలేనా?" అనుకుంది మంగతాయారు. రోడ్డు పని నెల రోజులూ కళ్ళారా చూసింది. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర. ముందు పొడిగా కలపాలి. రంగంతా ఒకటయ్యాక నీళ్ళు పోయాలి. మూడున్నర అడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, ఏడంగుళాల ఎత్తు. దానికి అర బస్తా సరిపోతుంది.

మర్నాడు ఇడ్లీల బేరం అయిపోయాక రోడ్డు వారగా పాత రేకు పరిచి, ఇసుక మీద సిమెంటు పోసి, చీర కొంగు బిగించి, పార పట్టుకుంది. నాలుగు తిప్పులు తిప్పిందో లేదో మోటారుసైకిలొకటి వచ్చి ఆగింది.

దాని మీద నుంచి దిగినవాడు లోవరాజు, వార్డు ప్లానింగు సెక్రటరీ. రోజూ పొద్దున్నే నాలుగు ఇడ్లీలు, అల్లప్పచ్చడితో అతని హాజరు అక్కడే పడుతుంది. తినేటప్పుడు ఆమెని 'పిన్నీ' అంటాడు. ఆ వేళ అలా అనలేదు.

"మంగతాయారు గారూ, పార కింద పెట్టండి."

"ఏటైంది బాబూ?"

"నీళ్ళు పోశారా?"

"ఇంకా లేదు."

లోవరాజు గుండెల మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. "అదృష్టవంతులండి. నీళ్ళు పోయకపోతే అది సరుకు. పోస్తే కాంక్రీటు. కాంక్రీటయితే కేసు."

తర్వాత అరుగు మీద కూర్చుని విషయం చెప్పాడు. కమిషనరు గారు పెద్ద ఊళ్ళో ఏదో సదస్సుకి వెళ్ళి మూడు రోజులు కూర్చుని వచ్చారు. జనం ఇళ్ళ దగ్గర తమంతట తాము కాంక్రీటు కలిపేసుకోవడం వల్ల నాణ్యత దెబ్బతింటోందని అక్కడ ఎవరో చెప్పారు. రాగానే ఆయన 'గృహ కాంక్రీటు మిశ్రమ నియంత్రణ, ప్రోత్సాహక ఉత్తర్వు' జారీ చేశారు. అందులో మొదటి సగం ఇంట్లో కాంక్రీటు కలపకూడదంటుంది. రెండో సగం ఉత్సాహంగా కలపమంటుంది.

"మరి నేనేటి చెయ్యాలి?"

"అనుమతి తీసుకుని ఉత్సాహంగా కలపండి" అన్నాడు లోవరాజు. సిమెంటు, ఇసుక, కంకర చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి, 'తనిఖీలో ఉన్నది' అని చీటీ అంటించి, ఫోటో తీసుకుని వెళ్ళాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఉత్తర్వు ఏదైనా వస్తే దాన్ని పూర్తిగా చదివేవాడు ఆ ఆఫీసు మొత్తం మీద అతనొక్కడే. అదే అతనితో వచ్చిన చిక్కు.

పురపాలక సంఘం ఆఫీసులో మెట్ల కింద ఉన్న చీపుళ్ళ గది ఖాళీ చేయించి 'మిశ్రమ విభాగం' అని బోర్డు పెట్టారు. అందులో మిశ్రమాధికారి వరప్రసాదం గారు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. అంతకుముందు ఆయన జనన మరణాల విభాగంలో పని చేశారు. సిమెంటు ఏ రంగులో ఉంటుందో ఆయనకి తెలుసు.

"దరఖాస్తు నేనే నింపుతానమ్మా, నువ్వు చెబుతూ ఉండు. అంతస్తులెన్ని?"

"అంతస్తులేటండి? మెట్టండి."

"సున్నా అని కొడితే తీసుకోవట్లేదు. ఒకటి వేస్తున్నాను. ఇది నివాసమా, వాణిజ్యమా?"

"తొక్కడానికండి."

వరప్రసాదం గారు జాబితా కిందికీ పైకీ జరిపి చూశారు. "తొక్కడం లేదు. 'ఇతరములు' పెడదాం. ఇతరములు అంటే సినిమా హాళ్ళు, కల్యాణ మండపాలు. ఒకేసారి లోపల ఎంతమంది ఉంటారు?"

"లోపలేటండి, పైనే. ఒక్కరేనండి. మా ఆయన."

"బరువు?"

"నూట నాలుగు కేజీలండి."

"అగ్నిప్రమాదం సంభవిస్తే ఆయన బయటికి పోయే మార్గం?"

మంగతాయారు కాస్త ఆలోచించింది. "కాలు తీసి పక్కన పెడితే బయటేనండి."

"అత్యవసర ద్వారము కలదు" అని చదువుకుంటూ ఆయన టైపు చేసుకున్నారు. తర్వాత వాన నీటి ఇంకుడు గుంత గురించి అడిగారు. వాహనాలు నిలిపే చోటు గురించి అడిగారు. గంగరాజుకి లారీ ఉందా అని అడిగి, అది యజమానిదని తెలిసి ఊరట చెందారు. చివరికి ఒక చోట ఆగి కళ్ళజోడు తీశారు.

"ఇక్కడొక ఇబ్బంది ఉందమ్మా. ఒక అంతస్తు కట్టడం రోడ్డు అంచు నుంచి అయిదడుగులు లోపలికి ఉండాలి. నీ మెట్టు రోడ్డుని ఆనుకుని ఉంది."

"రోడ్డెక్కడానికే కదండీ మెట్టు!"

"నిబంధన నిబంధనే. అయిదడుగులు లోపలికి జరుపుకో."

"అయిదడుగులు జరిపితే మా ముందు గదిలో, మంచం పక్కకొత్తాదండి."

"అయితే అక్కడ కట్టుకో. మాకు అభ్యంతరం లేదు."

"మంచం పక్కన మెట్టెక్కి ఎక్కడికెళ్ళాలండి?"

"అది వినియోగానికి సంబంధించిన విషయం. మా విభాగం కాదు" అని వరప్రసాదం గారు మృదువుగా చెప్పారు. "అన్నట్టు, కలిపేది ఎవరు? నువ్వేనా? అయితే నీకు 'గృహ మిశ్రమ కర్త' ధ్రువపత్రం ఉండాలి. మూడు రోజుల శిక్షణ. ప్రకటన రాగానే కబురు పెడతాను."

ప్రకటన రాలేదు. వాన వచ్చింది. రెండు రాత్రులు ఏకధాటిగా కురిసింది. ఎర్ర రిబ్బను లోపల ఉన్న బస్తా తడిసి రాయైంది. కలిపిన రాశి కూడా నీళ్ళు తాగి రేకు మీదే గట్టిపడి కూర్చుంది. లోవరాజు వచ్చి చూసి దిగులుపడ్డాడు. ఉత్తర్వు ప్రకారం అది ఇప్పుడు అనుమతి లేని కాంక్రీటు. బాధ్యుల పేరు రాయాల్సిన గడి దగ్గర చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడి, చివరికి 'వాతావరణం' అని రాశాడు.

పన్నెండో రోజు రానే వచ్చింది. ఆటో దిగిన గంగరాజు కర్ర ఊతంగా రోడ్డు మీద నిలబడి తన ఇంటి కేసి చూశాడు. ఇల్లు నాలుగడుగుల దూరంలో, పద్నాలుగు అంగుళాల కింద ఉంది. నలుగురు కలిసి దింపుదామని పట్టుకున్నారు. గాలిలోకి లేపాక ఒకడి చెయ్యి జారింది. గంగరాజు పెట్టిన కేక నాలుగో వార్డు దాకా వినిపించింది.

"నన్నొదిలెయ్యండి. రోడ్డు మీదే పడుంటాను" అన్నాడు చెమటలు కక్కుతూ.

ఎదురింటి టైలరు మస్తాన్ దుకాణం అరుగు సరిగ్గా రోడ్డు ఎత్తులో ఉంటుంది. అతను కుట్టు మిషను పక్కకి జరిపి మంచం వేశాడు. "ఇదీ నీ ఇల్లే అనుకో గంగరాజూ. చెల్లెమ్మా, నువ్వేం బెంగ పెట్టుకోకు."

అలా గంగరాజు ఇంటికి వచ్చీ ఇంటికి చేరలేదు. పగలంతా మస్తాన్ అరుగు మీద కూర్చుని తన గుమ్మం వైపు చూసేవాడు. మంగతాయారు రోజుకి పాతికసార్లు రోడ్డు దాటేది. ఇడ్లీలు, మందులు, వేడినీళ్ళు, తువ్వాలు. పొద్దుగూకాక ఆమె ఇటు అరుగు మీదా, అతను అటు అరుగు మీదా కూర్చుని, మధ్యలో పోయే లారీల మోత ఆగినప్పుడల్లా మాట్లాడుకునేవారు.

"ఏవండీ, మాత్రేసుకున్నారా?"

"ఏసుకున్నాను. నా దిండు పంపలేదే? ఈ మస్తాను దిండు నిండా పీలికలే!"

ఒకసారి అలా దిండు పట్టుకుని రోడ్డు దాటుతూ ఆమె నడిమధ్యలో ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు లారీ మీద దేశాలు తిరిగినవాడు ఈనాటికి ఇంటి పట్టున ఉంటాడనుకుంటే, వీధికి అవతలే నిలిచిపోయాడు. కళ్ళు చెమర్చాయి. వెనక నుంచి ఆటోవాడు హారను కొట్టాడు. కొంగుతో ముఖం తుడుచుకుని దాటేసింది.

మర్నాడే వరప్రసాదం గారి దగ్గరికి వెళ్ళి, శిక్షణ మొదలుపెట్టేదాకా ఆ గది గుమ్మంలోనే కూర్చుంటానంది. చీపుళ్ళ గదికి ఒకటే గుమ్మం. ఆయన బయటికి రావాలంటే ఆమె లేవాలి. సాయంత్రానికి ప్రకటన వెలువడింది.

శిక్షణ పురపాలక సంఘం వారి సమావేశ మందిరంలో జరిగింది. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. పకోడీలు, టీ ఇచ్చారు. రెండో రోజు పకోడీలు లేవు. నలుగురు వచ్చారు. మూడో రోజుకి మంగతాయారు ఒక్కతే మిగిలింది. ఊళ్ళో తాపీ మేస్త్రీలు ఎవరూ రాలేదు. కూలి మానుకుని కాంక్రీటు నేర్చుకోవాల్సిన అవసరం వాళ్ళకి కనిపించలేదు.

పాఠం చెప్పింది వరప్రసాదం గారే. తెర మీద బొమ్మలు చూపించి, చివరి రోజున ప్రయోగాత్మక శిక్షణ అన్నారు.

"సిమెంటేదండి?" అంది మంగతాయారు.

"ఈ మందిరంలో మిశ్రమం కలపడానికి అనుమతి లేదమ్మా. దరఖాస్తు పెట్టాం, మన విభాగంలోనే పెండింగులో ఉంది. కాబట్టి భావన చేసుకుని కలుపుదాం. పార పట్టుకో."

"పారేదండి?"

"అదీ భావనే."

మంగతాయారు ఖాళీ చేతులతో గచ్చు మీద సిమెంటు కలిపింది. వరప్రసాదం గారు కుర్చీలోంచి ముందుకి వంగి, "ఇప్పుడు తగినన్ని నీళ్ళు పొయ్యి" అన్నారు.

"తగినన్నంటే ఎన్నండి?"

ఆయన కాగితాలు తిరగేశారు. "ఇక్కడ తగినన్ని అనే ఉంది."

"అలా కాదండి. ఒకేసారి కుమ్మరించకూడదు. ఇడ్లీపిండీ ఇంతేనండి. నీళ్ళెక్కువైతే జారిపోయి, లేవదు. తక్కువైతే విరిగిపోద్ది. చారెడు చారెడు పోసి తిప్పుకోవాలి. ముద్ద చేత్తో పట్టుకుంటే ముద్దలాగే ఉండాలి. వేళ్ళ సందునించి నీళ్ళు కారకూడదు."

వరప్రసాదం గారు చప్పున పెన్ను తీసి ఇదంతా రాసుకున్నారు. పరీక్షలో "నీటి ప్రమాణమును వివరింపుము" అనే ప్రశ్న వచ్చింది. జవాబులు దిద్దడానికి ఆయన ఆ కాగితమే దగ్గర పెట్టుకున్నారు. మంగతాయారుకి నూటికి నూరు వచ్చాయి. రంగురంగుల ధ్రువపత్రం ఇచ్చారు. కొత్తలంకపాలెంలో కాంక్రీటు కలపడానికి చట్టరీత్యా అర్హత గల ఏకైక మనిషి మంగతాయారు. మెట్టుకి అనుమతి మాత్రం ఇంకా రాలేదు.

ఆ వారమే జిల్లా నుంచి ఫోను వచ్చింది. సదస్సు తర్వాత అన్ని ఊళ్ళలో మొదలైన గృహ మిశ్రమ ఉద్యమం ఇక్కడ ఎలా సాగుతోందని అడిగారు. పరాంకుశం గారు వరప్రసాదం గారిని పిలిపించారు.

"ఎన్ని దరఖాస్తులొచ్చాయి?"

"ఒకటండి."

"ఎంతమంది ధ్రువపత్రం పొందారు?"

"ఒకరండి."

"అంటే దరఖాస్తు పెట్టినవారిలో ధ్రువపత్రం పొందినవారు..."

"వంద శాతం అండి."

పరాంకుశం గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. జిల్లాలో ఏ ఊరూ నలభై శాతం దాటలేదు. వెంటనే జిల్లాకి ఫోను చేసి వంద అని చెప్పారు. తర్వాత, జిల్లా ప్రత్యేకాధికారి గారే స్వయంగా వచ్చి ఆ మెట్టుకి శంకుస్థాపన చేస్తారని కబురు వచ్చింది.

ఇక ఆఫీసులో పండగే. నల్ల రాతి ఫలకం చెక్కించారు. 'స్వయం మిశ్రమ మార్గదర్శక మెట్టు' అని పైన, ప్రత్యేకాధికారి గారి పేరు, కమిషనరు గారి పేరు, ఇతర విభాగాధిపతుల పేర్లు వరసగా కింద. రాయి ఛాతీ ఎత్తు ఉంది. మెట్టు కంటే ఏడింతలు ఎత్తు. అంత రాయి నిలబడాలంటే కింద కాంక్రీటు దిమ్మె కావాలి. అయిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఒక బస్తా సిమెంటు అని ఇంజనీరు అంచనా వేశాడు. ప్రభుత్వ కట్టడాలకి అయిదడుగుల నిబంధన వర్తించదు కాబట్టి, సరిగ్గా మెట్టు రావలసిన చోటే, అరుగుకీ రోడ్డుకీ మధ్య, దిమ్మె వెయ్యాలని నిర్ణయించారు.

పురపాలక సంఘం కూలీలు నలుగురు వచ్చి ఇసుక, సిమెంటు కుప్పపోశారు. బకెట్టు ఎత్తారు. అప్పుడే మోటారుసైకిలు వచ్చి ఆగింది.

"ఆగండి! నీళ్ళు పోశారా?" అన్నాడు లోవరాజు.

"మేం మునిసిపాలిటీ వాళ్ళమేనండి!"

"అయితే ఏంటండి? ఉత్తర్వు నాలుగో పేరా చూడండి. 'పట్టణ పరిధిలో ఎవరైనను' అని ఉంది. 'మునిసిపాలిటీ మినహా' అని లేదు. మీలో ఎవరికైనా ధ్రువపత్రం ఉందా?"

లేదు. లోవరాజు ఎర్ర రిబ్బను తీశాడు. పావుగంటలో పరాంకుశం గారి కారు వచ్చింది. వెనక సీట్లో వరప్రసాదం గారూ, ఇంజనీరూ ఉన్నారు. ఆయన లోవరాజుని అయిదు నిమిషాలు తిట్టారు. తర్వాత ఉత్తర్వు కాగితం తీసుకుని నాలుగో పేరా చదివారు. కింద తన సంతకమే ఉంది. లోవరాజు నెమ్మదిగా ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ లెక్కన ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి పురపాలక సంఘం వేసిన కాలవ మరమ్మతులూ, నీళ్ళ ట్యాంకు దిమ్మలూ అన్నీ అనధికార మిశ్రమాలే. అవన్నీ అతను ఫోటోలు తీసి పెట్టుకున్నాడు.

కమిషనరు గారు కారు మీద చెయ్యి ఆన్చుకుని నిలబడ్డారు. చుట్టూ చూశారు. అరుగు మీద మంగతాయారు పప్పు రుబ్బుకుంటోంది.

"అమ్మా, మంగతాయారు గారూ! పట్టణ ప్రతిష్ఠకి సంబంధించిన ఒక సాంకేతిక అవసరం ఏర్పడింది. ఆ దిమ్మె కొంచెం మీరు కలిపి పెట్టాలి."

మంగతాయారు చెయ్యి కడుక్కుని లేచింది. "కలుపుతానండి. ఎత్తెంత?"

ఇంజనీరు అంచనా కాగితం చూశాడు. పొడవూ వెడల్పూ రాశాడు గానీ ఎత్తు వెయ్యలేదు. "అది... తగినంత" అన్నాడు.

"అయితే ఏడంగుళాలండి" అంది మంగతాయారు తడుముకోకుండా. ఎదురుగా మస్తాన్ అరుగు మీద గంగరాజు కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఇంకోటండి. రాయి మధ్యలో పాతకూడదు. ఓ చివరకి పాతాలి. మిగతా మూడున్నర అడుగులూ ఖాళీగా ఉండాలండి."

"ఎందుకమ్మా?"

"పెద్దవాళ్ళొచ్చి ముసుగు తియ్యాలి కదండీ. నిలబడ్డానికి చోటుండొద్దా?"

"చూశారా!" అన్నారు పరాంకుశం గారు ఇంజనీరు వైపు తిరిగి. "శిక్షణ అంటే ఇదీ."

నాలుగు చెక్కలు బిగించి, పెట్టె కట్టించింది. కొంగు బిగించింది. సిమెంటూ ఇసుకా కలిపి అటూ ఇటూ మూడుసార్లు తిరగేసింది. బూడిద రంగు అంతటా ఒకటయ్యేదాకా పార దించలేదు. కంకర కలిపి, మధ్యలో గుంట చేసి, చారెడు చారెడు నీళ్ళు పోసుకుంటూ అంచుల నుంచి లోపలికి తోస్తూ కలిపింది. కూలీలూ, ఇంజనీరూ, మస్తానూ, ఇడ్లీలు తినడానికి వచ్చినవాళ్ళూ చుట్టూ మూగారు. పార రోడ్డుకి రాసుకునే చప్పుడు వీధంతా వినిపించింది. నడుము నొప్పి పుట్టింది. ముంజేతుల దాకా సిమెంటు. అయినా ఆమెకి ఎన్నాళ్ళకో హాయిగా ఉంది. భావన చేసుకోనక్కర్లేని బరువు చేతిలో ఉంది.

ముద్ద పట్టుకుని చూసింది. నిలిచింది. చెక్కల మధ్య పోసి, ఇనుప కడ్డీతో పొడిచిపొడిచి గాలి తీసింది. పైన తాపీతో సాపు చేసి, కాలు జారకుండా చీపురు పుల్లలతో గరుకు గీతలు పెట్టింది.

"ఎల్లుండి ఉదయం కార్యక్రమం" అన్నారు పరాంకుశం గారు సంతోషంగా.

"కుదరదండి. వారం తడపాలి. ఎండిపోతే బీటలిస్తాది. రాయి పడి పెద్దవాళ్ళ కాలి మీదొస్తే నాకు తెలీదు. ధ్రువపత్రం నాది కదండీ, మాటొస్తే నాకే."

కమిషనరు గారు వరప్రసాదం గారి వైపు చూశారు. ఆయన శిక్షణ కాగితాలు చూసి తలూపారు. కార్యక్రమం వారం వాయిదా పడింది. మంగతాయారు తడి గోనెలు కప్పి పూటపూటా నీళ్ళు చల్లింది. ఆమె రోడ్డు దాటి వెళ్ళినప్పుడు కుక్కలు తొక్కకుండా గంగరాజు అవతల నుంచి కర్ర ఊపుతూ కాపలా కాశాడు.

ఎనిమిదో రోజు ప్రత్యేకాధికారి గారు వచ్చారు. రోడ్డు మీంచి దిమ్మె మీదకి దిగి రాయి మీది ముసుగు తీశారు. అక్కడే నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడారు. "మీ అందరికీ ఒక శుభవార్త! నేను నిలబడి ఉన్న ఈ స్థలంలోనే త్వరలో ఒక మెట్టు రాబోతోంది!" అన్నారు. చప్పట్లు మోగాయి. అందరి పేర్లూ రాతి మీద ఉన్నాయో లేదో ఎవరికి వారు చూసుకున్నారు. కార్లు వెళ్ళిపోయాయి.

వీధి సద్దుమణిగాక మస్తాన్ గంగరాజు కర్ర అందించాడు. గంగరాజు నెమ్మదిగా రోడ్డు దాటాడు. రాతి మీద చెయ్యి వేశాడు. సరిగ్గా పట్టుకునేంత ఎత్తులో ఉంది. ఎడమ కాలు దించాడు. ఏడంగుళాలు. కుడి కాలు దించాడు. దిమ్మె కదల్లేదు. ఒక్క నిమిషం అక్కడ నిలబడి కిందికి చూశాడు. మళ్ళీ ఎడమ కాలు అరుగు మీదకి. ఇంట్లోకి.

మంగతాయారు వంటింట్లో పొయ్యి మీద ఇడ్లీపాత్ర దించకపోతే నీళ్ళు ఇంకిపోతాయని గబగబా లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగంది. గ్యాసు పొయ్యికి పొగేమిటని గంగరాజు అడగలేదు.

నెల తిరిగాక ఒక ఉదయం లోవరాజు వచ్చాడు. మోటారుసైకిలు రోడ్డు మీద ఆపి, దిమ్మె మీద కాలు పెట్టి, అక్కణ్ణుంచి అరుగు మీదకి దిగి, సంచిలోంచి కవరు తీశాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"మీ మెట్టు దరఖాస్తు గురించండి. చదవమంటారా?"

"చదువు బాబూ."

"'సదరు స్థలమును తనిఖీ చేయగా, అచ్చట ఇదివరకే పురపాలక సంఘమునకు చెందిన శిలాఫలకపు దిమ్మె ఉన్నందున, మెట్టు నిర్మించుటకు ఖాళీ స్థలము లేదని తేలినది. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది.'"

"అంటే మాకు మెట్టు లేదంటావు" అంది మంగతాయారు.

"లేదండి." లోవరాజు తల దించుకున్నాడు. అతనికి నిజంగానే బాధగా ఉంది. "ముప్పై రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చండి. నేనే రాసి పెడతాను."

"వద్దులే బాబూ. లేనిదాని కోసం ఎంతకని తిరుగుతాం?"

లోపల నుంచి గంగరాజు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. మస్తాన్ కొత్త లాగూ కుట్టానని కబురు పెట్టాడట. రాతి మీద కమిషనరు గారి పేరు ఉన్న చోట చెయ్యి ఆన్చి, దిమ్మె మీద కాలు మోపాడు.

లోవరాజు గబుక్కున పక్కకి తప్పుకుని, మోచెయ్యి పట్టుకుని సాయం చేస్తూ అన్నాడు:

"చూసుకుని ఎక్కండి బాబాయ్. అక్కడ మెట్టు లేదు."